మూఢంలో దొరికే మేస్త్రీ

కొత్త ఇల్లు కడుతున్నామంటే వడ్రంగులు వరస కడతారు. పాత తలుపు బిగుసుకుందంటే మాత్రం ఒక్కరూ రారు! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... మూడు ఊళ్లలోనూ ఇల్లాళ్ల నోట వినిపించేది ఈ మాటే. మరి చిన్న పనికి వచ్చే ఆ మేస్త్రీ ఎక్కడుంటాడు? ఎప్పుడు దొరుకుతాడు? దొరికాక ఏం మాట్లాడుకోవాలి?

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, దేవుడి గది తలుపు మూసుకోదు. వంటింటి తలుపు తెరుచుకోదు. స్నానాల గది తలుపు కింది అంచు అప్పటికే నాని మెత్తబడి ఉంటుంది. సింకు కింద అల్మారా రెక్క ఒక్క కబ్జా మీద వేలాడుతుంటుంది. ఇంటాయన మేస్త్రీకి ఫోన్ చేస్తాడు. 'వస్తున్నా సార్, తొవ్వలో ఉన్నా' అంటాడు. ఆ తొవ్వ ఎంత పొడుగో మీకూ తెలుసు.

మేస్త్రీని తప్పుపట్టే ముందు ఆయన లెక్క కూడా చూడాలి. కొత్త ఇంటికి ఒప్పుకుంటే రెండు మూడు నెలల పని. సామాను అక్కడే పెట్టుకుంటాడు, ఇద్దరు కుర్రాళ్లకు పని చూపిస్తాడు. మీ తలుపు కోసమైతే మిషన్లన్నీ బండి మీద వేసుకొచ్చి, గంట పని చేసి, మళ్లీ మోసుకుపోవాలి. ఆ గంటకు మీరిచ్చేది పెట్రోలుకూ చాయ్‌కీ సరిపోతుంది. పైగా రిపేరు పనిలో పేరు రాదు. కొత్త దర్వాజ చెక్కితే చుట్టాలంతా ఎవరు చేశారని అడుగుతారు. బిగుసుకున్న తలుపును సరిచేసినవాడి పేరు అడిగేవాళ్లు ఎవరుంటారు?

సూర్యాపేటలో వడ్రంగిని పేరుపెట్టి పిలవడం తక్కువ. చారీ అనో, మేస్త్రీ అనో పిలుస్తారు. పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లకైతే ఇప్పటికీ 'వడ్లాయనే'. ఆ పిలుపు వెనక పాత ఏర్పాటు ఒకటుంది. ఊళ్లో వడ్లాయనకు నాగలికింతని పంట మీద మేర కొలిచేవారు. ఏడాది పొడుగునా నాగలి, గుంటక, బండి చక్రం ఏది విరిగినా చూసుకోవాల్సింది ఆయనే. తలుపు రిపేరు కూడా ఆ గింజల్లోనే కలిసిపోయేది. చిన్న పనికి వేరే ధర కట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. టౌనుకు వచ్చాక పోయింది ఆ ఏర్పాటే. పని మిగిలింది, దానికి లెక్క మాత్రం కుదరలేదు. ఇప్పుడు మనం పడే తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మార్పు ఎప్పటిదో చెప్పాలంటే కాలువ దగ్గరికి పోవాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు భూములను తడిపింది. వరి పెరిగింది. వెనకే ట్రాక్టరు వచ్చింది. నాగళ్లు చూరుకెక్కాయి, బండి చక్రాలు గోడకు ఆనుకున్నాయి. అదే వరి డబ్బుతో పక్కా ఇళ్లు లేచాయి. నాగలి చెక్కిన చేతులు దర్వాజలు చెక్కడానికి టౌనుకు వచ్చాయి. కాలువ ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చిందన్నమాట.

ఈ సంగతి తెలిస్తే మేస్త్రీ ఎప్పుడు దొరుకుతాడో కూడా తెలుస్తుంది. వడ్లు అమ్ముడుపోయి చేతిలో డబ్బు పడ్డాక, మంచి ముహూర్తాలున్న నెలల్లో ఆయన మీకు అందడు. మాఘం నుంచి వైశాఖం దాకా దర్వాజ ఎత్తడాలు, గృహప్రవేశాలు. అప్పుడు పాత తలుపు కోసం పిలిస్తే వస్తానంటాడు, రాడు. ఆషాఢం, పుష్యమాసం, మూఢం... శుభకార్యాలు ఆగిపోయే ఈ రోజుల్లో పిలిచి చూడండి. చెప్పిన రోజు పొద్దున్నే గేటు ముందు నిలబడతాడు. రిపేరుకు ముహూర్తం అక్కర్లేదు కదా! కొత్త దర్వాజకు వారం వర్జ్యం చూసే ఇంట్లోనూ కబ్జా మార్చడానికి పంచాంగం తీయరు.

ఇందులో ఒక మెలిక ఉంది. మేస్త్రీ తీరిగ్గా దొరికే ఆషాఢం, తలుపులు ఉబ్బే కాలం ఒకటే. వానాకాలంలో బిగుసుకున్న తలుపును అప్పుడే చిత్రిక పట్టిస్తే ఆ నాలుగు నెలలు హాయిగా ఉంటుంది. ఎండాకాలం వచ్చి చెక్క ఆరాక చూడండి, సందులోంచి వేలు దూరుతుంది. చెక్క తేమ తాగితే పొడుగు దాదాపు పెరగదు, వెడల్పే ఉబ్బుతుంది. పాతకాలం పలకల తలుపుల్లో మధ్య పలకను గాడిలో వదులుగా కూర్చోబెట్టి బంక వేయకుండా వదిలేసింది అందుకే. ఉబ్బడానికి దానికి చోటు కావాలి. మంచి మేస్త్రీని గుర్తుపట్టడానికి ఇదొక దారి. వానాకాలంలో తలుపు చూడగానే చిత్రిక తీసేవాడికంటే, ముందు కబ్జాలు కదిపి చూసేవాడు నయం.

ఎందుకంటే తలుపు రాసుకోవడానికి కారణాలు రెండు. నిలువు అంచు మొత్తం రాసుకుంటుంటే అది ఉబ్బు. గొళ్లెం వైపు పైమూల ఒక్కటే రాసుకుంటుంటే అది ఉబ్బు కాదు, పైకబ్జా స్క్రూలు వదులై తలుపు వాలింది. దానికి చిత్రిక పడితే చెక్క పోతుంది, జబ్బు పోదు. స్క్రూలు తీసి, ఆ బెజ్జాల్లో బంక రాసిన చెక్క చీలలు దిగ్గొట్టి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ఉబ్బిన తలుపైతే ముసురు పోయేదాకా ఓపిక పట్టండి. ఆరాక అప్పటికీ రాసుకుంటుంటే కొంచెమే తీయించి, ఆ అంచుకు వెంటనే రంగు పూయించండి. తలుపు నెత్తినా అడుగునా రంగు వేశారో లేదో కూడా చూసుకోండి. కళ్లకు కనబడవని పెయింటర్లు వదిలేసేది అవే, నీళ్లు తాగేదీ అవే.

కాబట్టి ఆషాఢంలో అల్మారాలు, కిచెన్ పనులు, మంచాలు, కిటికీ గడియలు పెట్టుకోండి. తలుపు అంచుల పని దసరా దాటాక.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. 1208లో ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయం అక్కడే. నున్నటి నల్లరాతి స్తంభాలు చూసి అందరూ ఆశ్చర్యపోతారు. ఈసారి వెళ్తే గర్భగుడి ద్వారం దగ్గర కూడా ఒక నిమిషం ఆగండి. కింద గడప, రెండు పక్కలా నిలువు కమ్ములు, పైన అడ్డకమ్మి. రాయి అయితేనేం, మన ఇంటి దర్వాజకున్న భాగాలే దానికీ ఉన్నాయి. అయితే రాయి ఉబ్బదు, దానికి చెద పట్టదు. ఈ రెండు బాధలూ చెక్కవే.

అక్కణ్నుంచి విజయవాడ హైవే మీద మునగాల దాటి కోదాడ వైపు వెళ్తుంటే వడ్రంగం మాటలు మారుతుంటాయి. సూర్యాపేటలో దర్వాజ, కడప, కబ్జా. కృష్ణా జిల్లా వాళ్లకు గుమ్మం, గడప, మడతబందు. కోదాడ సరిహద్దు ఊరు కాబట్టి హార్డ్‌వేర్ కొట్లో రెండూ చెల్లుతాయి. ఇది ఈనాటిది కూడా కాదు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, పాలన మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా కింద సాగేది. రెండు రాజ్యాల మాటలు ఒకే బజారులో కలిసి తిరిగిన చోటు అది. మాటల తేడా సరదాగానే ఉంటుంది కానీ డబ్బు దగ్గర జాగ్రత్త. ఒకరు 'గుమ్మం' అంటే చట్రం ఒక్కటే అనుకుంటారు, ఇంకొకరు తలుపు రెక్కలతో సహా అనుకుంటారు. ధర మాట్లాడేటప్పుడు చట్రమెంత, రెక్కలెంత, బిగింపు ఎంత అని విడివిడిగా అడగడం మేలు.

ఇక అసలు సంగతి, లెక్క. కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. మేస్త్రీ నోటితో చెప్పిన అంకెకు తలూపి డబ్బు ఇచ్చేవాళ్లే ఎక్కువ. నిజానికి ఏడో తరగతి పిల్లాడు చేయగలిగిన లెక్క ఇది. పొడుగు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించండి. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దర్వాజ అనుకుందాం. నిలువు కమ్ములు రెండూ 14 అడుగులు, అడ్డం రెండూ 8. మొత్తం 22. కమ్మి 5 అంగుళాలు, 4 అంగుళాలు అయితే 22ను 20తో గుణిస్తే 440. దాన్ని 144తో భాగిస్తే 3 ఘనపుటడుగుల పైచిలుకు. కోతలో పోయేది, చిత్రికలో పోయేది కొంత కలుపుకోవాలి. మూడుకు మూడున్నర అంటే అర్థముంది. అయిదు అంటే అడగాల్సిందే.

టేకు పేర్లూ అంతే. అడితిలో 'బర్మా టేకు' అనగానే కళ్లు మూసుకుని కొనకండి. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడొస్తున్న విదేశీ టేకులో ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల్లో పెరిగింది చాలా ఉంది. అది చెడ్డదని కాదు, దాని ధర దానికి ఉండాలి. బల్లార్షా టేకన్నా, నాటు టేకన్నా పేరుకంటే కోసిన ముక్క అడ్డకోత చూడండి. ముదురు రంగు చేవ ఎంత, అంచుల తెల్లచెక్క ఎంత? చెద ముందుగా పట్టేది ఆ తెల్లచెక్కనే. బిల్లు తీసుకోవడం మాత్రం మరవకండి. కలప ఎక్కణ్నుంచి వచ్చిందని రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సింది మీరే. పెరట్లో వేప చెట్టు ఉంది కదా, కొట్టేసి తలుపు చేయిద్దామనుకుంటే ముందు అటవీశాఖ అనుమతి సంగతి కనుక్కోండి. 2002లో వచ్చిన వాల్టా చట్టం సొంత చెట్టుకూ వర్తిస్తుంది. కొట్టాక కూడా తొందరపడకూడదు. పచ్చి చెక్క అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క.

అల్మారా పనిలో ధర చదరపుటడుగుకు చెబుతారు. కొలిచేది ముందువైపు మాత్రమే. ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పుంటే 42 అడుగులు. లోపల అరలు ఎన్నున్నా అదే లెక్క. అందుకే అరలెన్ని, సొరుగులెన్ని, వెనక చెక్క ఉందా లేదా అన్నది ముందే కాగితం మీద గీయించుకోవాలి. పైన అటక అల్మారా ఆ లెక్కలోదా, వేరా? గొడవలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ప్లైవుడ్ మీద ముద్ర కూడా చూడండి. ఐఎస్ 303 మామూలు వాడకానికి. అందులోనే తేమకు తట్టుకునే రకం, మరిగే నీటికి తట్టుకునే రకం వేరువేరుగా ఉంటాయి. ఐఎస్ 710 మెరైన్ రకం. సింకు కింద డబ్బు ఆదా చేయకండి. పడకగది అరలకు మెరైన్ వేయించి డబ్బు పారబోయనూ వద్దు.

కొత్త పనికి అడుగు లెక్క బాగుంటుంది. రిపేరుకు మాత్రం అది పనికిరాదని నా అభిప్రాయం. పాత చట్రం విప్పితే కానీ లోపల చెద ఎంతుందో ఎవరికీ తెలియదు. గుత్తకిమ్మంటే మేస్త్రీ భయానికి ఎక్కువ చెబుతాడు, తక్కువకు ఒప్పుకుంటే సగంలో పోతాడు. రోజు కూలి మాట్లాడండి. అయితే ఆ రోజంతా పని ఉండాలి. క్యాలెండరు వెనక ఒక జాబితా రాసుకోండి: ఊగే కుర్చీ, రాని సొరుగు, ఊడిన పరదా కడ్డీ, మూసుకోని కిటికీ, మంచం కోడు. ఆరేడు పనులు పోగయ్యాక పిలిస్తే ఆయనకు రోజు గిట్టుబాటవుతుంది, మీకు ఇల్లు చక్కబడుతుంది. పాతకాలం మేరలో ఉన్న సౌకర్యం కొంతైనా ఇలా వెనక్కి వస్తుంది. స్క్రూలు, కబ్జాలు, ఉప్పుకాగితం, బంక ముందురోజే తెచ్చిపెట్టండి. లేకపోతే సగం పూట హార్డ్‌వేర్ కొట్టుకే పోతుంది. అన్నట్టు, బంక డబ్బా మూత తీస్తే చాలన్న సుఖం ఫెవికాల్ వచ్చిన 1959 తర్వాతిదే. అంతకుముందు తోళ్లు, ఎముకల నుంచి తీసిన సరేసును పొయ్యి మీద కరిగించి వేడివేడిగా రాసేవారు.

అడ్వాన్సు దగ్గర రెండు వైపులా నొప్పి ఉంది. డబ్బు తీసుకుని పది రోజులు కనబడని మేస్త్రీలున్నారు. పని అయ్యాక చివరి మొత్తం కోసం 'రేపు రా, ఎల్లుండి రా' అని తిప్పే ఇంటివాళ్లూ ఉన్నారు. ఈ రెండోది ఎవరూ చెప్పుకోరు, ఎందుకంటే పత్రికలు చదివేది ఇంటివాళ్లు! ఒక ఇంటి బాకీ రాకపోతే కుర్రాళ్ల కూలి కోసం ఇంకో ఇంటి అడ్వాన్సు తీసుకుంటాడు. అలా ఒకే వారానికి మూడు ఇళ్లకు మాటిచ్చేస్తాడు. సామాను మీరే కొనండి, కూలికి పెద్ద అడ్వాన్సు అక్కర్లేదు. పెద్ద పనికి నాలుగు విడతలు రాసుకోండి. చివరి విడత తలుపులన్నీ మూసి తెరిచి చూసిన సాయంత్రమే చేతిలో పెట్టండి. ఆ మేస్త్రీ తర్వాతి ఫోన్‌కు తప్పకుండా వస్తాడు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వెళ్తే మిర్యాలగూడ. దారి పొడుగునా వరి, ఊరు దగ్గరపడుతుంటే రైసు మిల్లుల గొట్టాలు. ఆసియాలోనే పెద్ద మిల్లుల కేంద్రాల్లో ఒకటని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడి వడ్రంగానికి ఇళ్లతోపాటు మిల్లు కూడా పెద్ద బడి. ఇప్పుడంతా ఇనుము, సార్టెక్స్ మిషన్లు కానీ, పాత మిల్లుల్లో ధాన్యం పైకి తీసుకెళ్లే ఎలివేటరు పెట్టెలు, జల్లెడల చట్రాలు చెక్కవే. రోజంతా అదురుతూ ఉండే చట్రం వదులు కాకుండా నిలవాలంటే మేకుల్ని నమ్మితే కుదరదు, కూసాలు బిర్రుగా కుదరాలి. మిల్లు పని చేసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా మీ వాడకట్టులో ఉంటే వదలకండి. ఊగే మంచం, కుర్చీ ఆయనకు చిటికెలో పని.

చిన్నవాళ్ల సంగతి వేరు. మిషన్ మీద ప్లైవుడ్ కోసి, ల్యామినేట్ అతికించే పనిలో వాళ్లు దిట్టలు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చిన జట్లు కూడా ఈ పనిలో వేగంగా ఉంటాయి, చెప్పిన తేదీకి ఇస్తాయి. కిచెన్ మొత్తం కొత్తగా చేయించాలంటే వాళ్లను పిలవడంలో తప్పేమీ లేదు. కానీ ఆరు నెలలకు సొరుగు ఇరుక్కుంటే ఆ జట్టు ఏ ఊళ్లో ఉంటుందో? బాడిస, ఉలి పట్టి పాత చెక్కను చదవగలిగినవాళ్లు తగ్గుతున్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మీ మేస్త్రీకి ఈ సంగతి తెలియకపోతే చాయ్ ఇచ్చేటప్పుడు చెప్పండి. దరఖాస్తు నింపడానికి మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలు సాయపడొచ్చు.

చివరగా, కొత్త చెక్క కొనే ముందు ఒకసారి అడగాల్సిన మాట ఉంది. ఈ మూడు ఊళ్ల చుట్టూ పల్లెల్లో పాత పెంకుటిళ్లు విప్పుతున్నారు. దూలాలు, వాసాలు, మొగురాలు అమ్మకానికి వస్తున్నాయి. టేకు, వేప, నల్లమద్ది... యాభై అరవై ఏళ్లు నీడన ఆరిన చెక్క. దానికంటే బాగా ఆరిన కలప ఏ అడితిలోనూ దొరకదు. ఏది చేవగా ఉంది, ఏది లోపల గుల్ల అయిందో సుత్తితో కొట్టి చప్పుడును బట్టి చెప్పగలిగిన మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. ఒక్క చిక్కుంది. పాత దూలంలో విరిగిన మేకులుంటాయి. రంపం పళ్లు పోతాయని కోత మిషనువాళ్లు వాటిని అలాగే ఎక్కించుకోరు. మేస్త్రీ ముందుగా దూలమంతా తడిమి, ఉలితో తవ్వి, ఒక్కో మేకూ పీకాలి. ఒక పెద్ద దూలానికి సగం రోజు పడుతుంది. ధర మాట్లాడేటప్పుడు ఆ సగం రోజు కూలి కూడా కలిపి లెక్క వేసుకోండి.